తీగ ఊడలేదు, పన్ను మాత్రం కదిలింది: ఒక రిటైనర్ కేసు

క్లిప్పులు తీసేశాక పళ్లు మళ్లీ కదిలాయని వచ్చేవాళ్లలో ఎక్కువమంది కథ ఒకటే. రిటైనర్ (సరిచేసిన పళ్లు కదలకుండా పట్టి ఉంచేది) ఎక్కడో పోయింది, లేదా పెట్టుకోవడం మానేశారు. కారణం వాళ్లకి ముందే తెలుసు కాబట్టి హోంవర్కు చేయని పిల్లల్లా వచ్చి కుర్చీలో కూర్చుంటారు. ఈ కేసులో పై వరస సంగతి అదే. కింది వరస అలా కాదు. అక్కడ పన్నును కదిపింది, అది కదలకూడదని నేనే అతికించిన తీగ. పేషెంటు అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వివరాలు వదిలేశాను.

వచ్చిన రోజు

నా ప్రాక్టీసు గోదావరి జిల్లాలో. సంక్రాంతి వారమంతా ఊరొచ్చిన వాళ్లతో క్లినిక్ నిండిపోతుంది. 2024 జనవరిలో అలాంటి ఒక సాయంత్రం, 24 ఏళ్ల అమ్మాయి వాళ్లమ్మగారితో వచ్చింది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పద్నాలుగేళ్లప్పుడు, 2013లో, ఆమెకు క్లిప్పులు వేసింది నేనే. 22 నెలలు పట్టింది. 2015 జూన్‌లో తీసేశాను.

"పైన అంటే నా తప్పే మేడం, రిటైనర్ పోగొట్టుకున్నాను. కింద తీగ అలాగే ఉంది కదా, మరి ఈ పన్ను ఎందుకిలా అయింది?" అని అడిగింది.

నోరు తెరవమన్నాను. పైన కుడివైపు రెండో ముందుపన్ను ఇరవై డిగ్రీల దాకా తిరిగింది, అదీ 2013లో ఏ వైపు తిరిగి ఉందో ఆ వైపుకే. అప్పట్లో చోటు కోసం నాలుగు ప్రీమోలార్లు, అంటే కోరపళ్ల వెనక ఉండే చిన్న పళ్లు, తీశాం. అందులో పైన ఎడమవైపు పన్ను తీసిన చోట మిల్లీమీటరు సందు వచ్చింది. చికెన్ తిన్నప్పుడల్లా పీచు అక్కడే ఇరుక్కుంటోందట. ఇందులో నాకు ఆశ్చర్యమేమీ లేదు.

కింద వెనకవైపు, ఒక కోరపన్ను నుంచి రెండో కోరపన్ను దాకా ఆరు పళ్లకీ తీగ పదిలంగా ఉంది. ఒక్క అతుకూ ఊడలేదు. తీగ కింద కొంచెం గార, అంతే. కానీ ఎడమ కోరపన్ను కొన నాలుక వైపు వాలిపోయింది. దాని వేరు పెదవి వైపు, చిగురు కింద వేలికి గట్టులా తగులుతోంది. అక్కడ చిగురు రెండున్నర మిల్లీమీటర్లు కిందికి జారి వేరు బయటపడింది. ఫ్రిజ్ నీళ్లు తాగితే జివ్వుమంటోంది. కుడి కోరపన్ను దీనికి సరిగ్గా వ్యతిరేకం, కొన పెదవి వైపుకి తిరిగింది. మధ్యలో ఉన్న నాలుగు పళ్లూ ఒక చివర నుంచి రెండో చివరకి కొద్దికొద్దిగా వాలు మార్చుకుంటూ వెళ్లాయి, మెలిపెట్టిన రిబ్బన్ లాగా.

నా దగ్గరికి రాకముందు ఇద్దరు డెంటిస్టులకి చూపించుకుంది. గట్టిగా బ్రష్ చేయడం వల్లే చిగురు జారిందని ఒకరు సెన్సిటివిటీ పేస్టు రాసిచ్చారు. కుడిచేతి వాటం వాళ్లకి ఎడమ కోరపన్ను దగ్గర చిగురు అరగడం మామూలే, కాబట్టి ఆయన్ని తప్పుపట్టను. అయితే బ్రష్ చిగురును అరగదీస్తుందే గానీ పన్నును పక్కకి వాల్చదు. రెండో ఆయన జ్ఞానదంతాలు తోస్తున్నాయి, తీయించేయమన్నారు. ఈ మాట మన దగ్గర ఎంత గట్టిగా నాటుకుపోయిందంటే పేషెంట్లే వచ్చి మాకు చెబుతారు. ముందుపళ్లు వంకరపోకుండా ఉండటానికి జ్ఞానదంతాలు తీయడం సమర్థనీయం కాదని బ్రిటన్‌లో 1998లో వెలువడిన ట్రయల్ తేల్చింది. అసలు వెనక నుంచి తోపు వస్తే ఒక కోరపన్ను లోపలికీ ఇంకోటి బయటికీ ఎందుకు పోతాయి?

పాత పెట్టె

2013, 2015 నాటి ప్లాస్టర్ మోడల్స్ స్టోర్‌రూములో అటక మీద ఉన్నాయి. దింపించి, దుమ్ము దులిపి, కొత్త స్కాన్ పక్కన పెట్టుకుని కొలిచాను. కింది ఆరు ముందుపళ్లు ఒకదానికొకటి ఆనుకునే చోట్ల ఎంత పక్కకి తప్పాయో కలిపి చెప్పే కొలత ఒకటుంది, 1975లో రాబర్ట్ లిటిల్ ప్రతిపాదించింది. అది 2013లో ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు, క్లిప్పులు తీసిన రోజు అర మిల్లీమీటరు, ఇప్పుడు రెండున్నర. మూడున్నర దాటనంత వరకు ఫర్వాలేదనుకునే కొలత ఇది. అంటే కాగితం మీద ఈ అమ్మాయికి సమస్యే లేదు!

కోరపళ్ల కొనల మధ్య వెడల్పు కూడా చూశాను. 2015లో ఇరవై ఆరున్నర మిల్లీమీటర్లు, ఇప్పుడు ఇరవై ఆరు. ఒకటి లోపలికి, ఒకటి బయటికి పోయాయి కాబట్టి లెక్క దాదాపు సరిపోయింది. పైగా 2013 నాటి వెడల్పు కూడా ఇరవై ఆరే. అంటే చికిత్సలో నేను కింది వరసను పెద్దగా సాగదీయలేదు. కోరపళ్ల మధ్య వెడల్పు పెంచితే అది మళ్లీ తగ్గిపోతుందని మా రంగంలో అందరికీ తెలిసిందే. ఇక్కడ ఆ కారణం లేదు. కొలతలన్నీ పళ్ల కొనల దగ్గర తీసినవి, జరిగినదంతా వేళ్ల దగ్గర. కొలిచే వెర్నియర్ పక్కన పెట్టి చిగురు మీద వేలు పెడితే గానీ అర్థం కాలేదు.

తర్వాత కేస్ షీటు తీశాను. 2016 మేలో ఎడమవైపు రెండో పన్ను దగ్గర అతుకు ఊడిందని వచ్చింది. అప్పట్లో ఇంటర్ హాస్టల్లో ఉండేది, సెలవులకి ఇంటికొచ్చింది. నా రాతలోనే ఉంది: తీగ మళ్లీ అతికించాను, ఆరు నెలల తర్వాత రావాలి. ఆ తర్వాత పేజీ ఖాళీ. పై రిటైనర్ గురించి ఒక్క ముక్క లేదు. అది అప్పటికి మూడు నెలల కిందటే హాస్టల్ మెస్సులో పోయిందట. తినేటప్పుడు తీసి కాగితంలో చుట్టి పళ్లెం అంచున పెట్టింది, పళ్లెంతో పాటు అదీ వెళ్లిపోయింది.

"మీరు తిడతారని చెప్పలేదు మేడం" అంది. నేనూ అడగలేదు. అతుకు పని పది నిమిషాల్లో ముగించి పంపేశాను. ఆ రోజు పై పళ్ల వైపు ఒక్కసారి చూసి ఉంటే మరో రిటైనర్‌తో పోయేది.

పైన జరిగింది

పన్ను ఎముకలో మేకులా దిగి ఉండదు. వేరుకీ ఎముకకీ మధ్య సన్నటి పోగుల పొర ఉంటుంది, పన్ను అందులో ఊయలలో ఉన్నట్టు ఉంటుంది. క్లిప్పులతో పన్నును జరిపినప్పుడు ఈ పోగులు తెగి, సాగి, కొత్త చోట మళ్లీ అల్లుకోవాలి. ఎముకలోని పోగులు మూడు నాలుగు నెలల్లో కుదురుకుంటాయి. చిగురులో పన్ను మెడ చుట్టూ ఉండేవి చాలా మొండివి, ముఖ్యంగా తిరిగిన పన్నును సరిచేసినప్పుడు. తిప్పిన పన్నును 232 రోజులు కదలకుండా పట్టి ఉంచినా ఆ పోగులు ఇంకా సాగిన స్థితిలోనే ఉన్నాయని రైటాన్ 1959లో కుక్కల మీద చేసిన పరిశోధనలో చూపించాడు. ఈ అమ్మాయి పై రిటైనర్ పెట్టుకున్నది ఎనిమిది నెలలు, అంటే దాదాపు అన్ని రోజులే. పన్ను తిరిగిపోవడంలో వింతేముంది?

పోగులు కుదురుకున్నాక కూడా పని అయిపోదు. కింది దవడ టీనేజీ చివరిదాకా కొద్దికొద్దిగా పెరుగుతూనే ఉంటుంది. ఆ తర్వాత కూడా ముందుపళ్ల వరస ఏళ్ల తరబడి ఇరుకవుతూ వస్తుంది. అసలు క్లిప్పులే వేసుకోని వాళ్లకీ ఇది తప్పదు. నా కింది ముందుపళ్లలో ఒకటి నలభై దాటాక పక్కదాని మీదికి ఎక్కింది, నేను ఏనాడూ క్లిప్పులు వేసుకోలేదు. సియాటెల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో లిటిల్ బృందం, ప్రీమోలార్లు తీసి చికిత్స చేసిన 31 మందిని రిటైనర్లు ఆపేసిన ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షించింది. 1988లో ప్రచురించిన ఆ ఫలితాల్లో కింది ముందుపళ్లు ఫర్వాలేదనిపించేలా ఉన్నది పది శాతం మందికే. ఇది చదివే నేను డాక్టరునయ్యాను. అయినా 2015లో వాళ్లమ్మగారితో నేనన్నది "రెండేళ్లు పెట్టుకుంటే చాలండి" అని. ఆవిడకి ఆ మాట బాగా గుర్తుంది.

కింద జరిగింది

పళ్ల వెనక అతికించే తీగ మూడు నాలుగు సన్నటి స్టీలు పోగులు పేనినది. మందం 0.0175 అంగుళం. పన్నుకి కాస్త సహజమైన కదలిక ఉండాలి కాబట్టి అలా వంగేది వాడతాం. అది పూర్తిగా నిర్వ్యాపారంగా, అంటే ఏ పన్ను మీదా ఏ ఒత్తిడీ లేకుండా కూర్చోవాలి. అతికించేటప్పుడు ఒకచోట వేలితో నొక్కి పట్టి, అతుకును గట్టిపరిచే లైటు వేస్తే, వేలు తీశాక ఆ తీగ తన పాత ఆకారానికి రావాలని చూస్తుంది. రోజూ గోరంత ఒత్తిడి, అదీ ఏళ్ల తరబడి. అసలు పన్నును జరపాలంటే మేము చేసేదీ అదే కదా. గట్టి వస్తువు కొరికినప్పుడు మెలి తిరిగినా ఫలితం అంతే. మా వైపు తేగలూ, చెరుకు ముక్కలూ ముందుపళ్లతో లాగి తినే అలవాటుంది. ఆమె కూడా తినేదట.

2016లో నేను హడావుడిగా మళ్లీ అతికించినప్పుడు మెలి పడిందా, తర్వాత తేగ కొరికి పడిందా అన్నది ఇప్పుడు తేల్చలేను. రెండూ అయ్యుండొచ్చు. కానీ మెలి మొదలైన వైపూ, అప్పట్లో నేను అతికించిన వైపూ ఒకటే. అది చూసీ చూడనట్టు పోలేను.

ఈ రకం కదలికను 2007లో కట్సారోస్ బృందం ఒక వ్యాసంలో వివరంగా రాసింది. ఒక రూపంలో పక్కపక్కనే ఉన్న రెండు ముందుపళ్ల వేళ్లు ఒకటి అటూ ఒకటి ఇటూ పోతాయి. రెండో రూపం ఈ అమ్మాయిదే, కోరపళ్లు రెండూ ఎదురెదురు దిక్కులకి వాలడం. అధ్యయనాల్లో ఇలాంటివి వందలో ఒకరి నుంచి ఐదుగురి దాకా కనిపించాయి. కాబట్టి తీగ ఉన్నవాళ్లంతా టెన్షన్ పడనక్కర్లేదు. కానీ మామూలు రిలాప్స్, అంటే పళ్లు వెనక్కి పోవడం, కాదిది. తీగ లేకపోతే పళ్లు తమ పాత చోటుకి పోతాయి. మెలిపడిన తీగ వాటిని ముందెన్నడూ లేని చోటుకి, ఒక్కోసారి ఎముక దాటి బయటికి, తీసుకుపోతుంది. ఈ తేడా పట్టుకోకపోతే తీగ వదులైందేమో అని దాని మీదే ఇంకాస్త సిమెంటు వేసి పంపేస్తాం.

చేసిన చికిత్స

మొదటి పని తీగ తీసేయడం. వాళ్లమ్మగారు భయపడ్డారు. "ఉన్నది కూడా తీసేస్తే ఇంకా పోవా అండీ?" అది సహజమైన భయమే. కానీ లాగుతున్న తాడును కోయకుండా పడవను వెనక్కి తేలేం. అదే రోజు తీసేసి, స్కాన్ చేసి, ఆరు వారాలు కింద ఏమీ పెట్టకుండా వదిలాను. ఆరు వారాల తర్వాత కొత్త స్కాన్‌ను పాతదాని మీద పెట్టి చూస్తే ఎడమ కోరపన్ను తనంతట తానే కొంత నిటారుగా లేచింది. ఎక్కువేం కాదు, కానీ నా అనుమానం సరైనదేనని చెప్పడానికి అది చాలు.

సీబీసీటీ (త్రీడీ ఎక్స్‌రే) స్కాన్‌లో ఎడమ కోరపన్ను వేరుకి పెదవి వైపు ఎముక దాదాపు లేదు. చిగుళ్ల స్పెషలిస్టుకి చూపించాను. చిగురు గ్రాఫ్టు (జారిన చోట కొత్త చిగురు అతికించడం) ముందు చేయాలా తర్వాతా అన్నదే ప్రశ్న. ముందు వేరును ఎముకలోకి తెచ్చి, అప్పటికీ చిగురు సరిపోకపోతే గ్రాఫ్టు చేద్దామని ఆయన అన్నారు. నాదీ అదే అభిప్రాయం. వేరు బయట ఉండగా గ్రాఫ్టు వేయడం గోడ ఒరుగుతుంటే సున్నం వేయడం లాంటిది.

అమ్మాయి అలైనర్లు, అంటే పళ్లను జరిపే పారదర్శక ట్రేలు, కావాలంది. ఫోన్ తెరిస్తే వాటి ప్రకటనలేనట, ఆఫీసులో క్లిప్పులతో కనిపించడం ఇష్టం లేదు. పై వరసకి సరేనన్నాను. తిరిగిన పన్ను మీద చిన్న అతుకు పెట్టి, పది రోజులకొకటి చొప్పున పద్నాలుగు ట్రేలు. కింద వద్దన్నాను. పన్ను కొనను జరపడం అలైనర్‌కి తేలిక. కొనను ఉన్నచోటే ఉంచి వేరును మాత్రం లోపలికి నెట్టడం దానికి కష్టం. ఆ పనికి గుండ్రంగా కాక పలకలుగా ఉండే తీగ, అది కూర్చునే బ్రాకెట్ (పన్ను మీద అతికించే క్లిప్పు) గాడి కావాలి. కింది పెదవి చాటున క్లిప్పులు పెద్దగా కనబడవని చెబితే ఒప్పుకుంది.

వృత్తిలో ఉన్నవాళ్ల కోసం కొంచెం వివరం. 0.022 అంగుళం గాడి ఉన్న ఎంబీటీ రకం బ్రాకెట్లు వాడాను. కింది కోరపన్నుకి ఇందులో టార్క్ (వేరును లోపలికో బయటికో వంచే కోణం) మైనస్ 6 డిగ్రీలు. అలాగే పెడితే వేరు ఇంకా బయటికే పోతుంది. అందుకని ఎడమ కోరపన్ను మీద బ్రాకెట్‌ను తలకిందులుగా అతికించాను, ప్లస్ 6 అయింది, టిప్ (పన్ను పక్కకి వాలే కోణం) మారదు. 0.019×0.025 స్టీలు తీగకి ఆ గాడిలో పది డిగ్రీల దాకా ఆట (వదులు) ఉంటుంది కాబట్టి బ్రాకెట్‌ను నమ్ముకుని కూర్చుంటే లాభం లేదు, తీగలో కూడా ఆ పన్ను దగ్గర టార్క్ మెలి ఇవ్వాల్సి వచ్చింది. వేరును కదిలించడం నెమ్మదిగా సాగే పని. నాలుగో నెలలో వేలికి తగిలే గట్టు చదునవడం మొదలైంది. మొత్తం తొమ్మిది నెలలు, 2024 డిసెంబరు దాకా. వేరు లోపలికి వచ్చాక చిగురు తనంతట తానే కొంత పైకి పాకింది. రెండున్నర మిల్లీమీటర్లు ఉన్నది ఒకటిన్నరకి వచ్చింది. చల్లనీళ్ల బాధ పోయింది.

పైన తిరిగిన పన్ను సరైన చోటుకి వచ్చాక మత్తిచ్చి దాని మెడ చుట్టూ ఉన్న చిగురు పోగులను సన్నటి బ్లేడుతో కోశాం. 1970లో ఎడ్వర్డ్స్ చెప్పిన పద్ధతి ఇది. ఐదు నిమిషాల పని, కుట్లు అక్కర్లేదు. మళ్లీ తిరిగే బలాన్ని తగ్గిస్తుంది గానీ రిటైనర్ అక్కర్లేకుండా చేయదు. కింది కోరపన్నుకి ఇది చేయలేదు. అసలే జారిన చిగురు మీద కత్తి పెట్టడం నాకు ఇష్టం లేదు.

కింది వరస చికిత్సకి ఫీజు తీసుకోలేదు. దీని మీద నా తోటి డాక్టర్లలో ఒకరు నాతో వాదించారు కూడా, ఇలా చేస్తే తప్పు ఒప్పుకున్నట్టే అని. ఒప్పుకున్నట్టే.

ఇప్పుడు ఎలా పట్టి ఉంచాం

కింద మళ్లీ తీగ వేయాలా వద్దా అని చాలా ఆలోచించాను. పూర్తిగా తీసి పెట్టుకునే రిటైనర్ మీదే ఆధారపడదామంటే, ఆమెకు ఒకటి పోగొట్టుకున్న చరిత్ర ఉంది. చివరికి తీగే వేశాను. ఈసారి నోట్లో కాదు, మోడల్ మీద వంచాను. వంచితే వంగినట్టే ఉండే, వెనక్కి రాని మెత్తటి తీగ. అతికించేటప్పుడు వేలితో నొక్కలేదు, పళ్ల మధ్య దారంతో ఆనించి పట్టాను. ప్రతి పన్ను దగ్గరా తీగ దానంతట అదే ఆనుతోందని చూసుకున్నాకే లైటు వేశాను. దాని మీదుగా, రాత్రిపూట పెట్టుకోవడానికి పారదర్శక రిటైనర్. పైన కూడా అదే, మొదటి ఆరు నెలలు తినేటప్పుడు తప్ప రోజంతా, తర్వాత రాత్రిళ్లు. రెండేసి జతలు చేయించాం, ఒకటి హైదరాబాద్‌లో, ఒకటి ఇంట్లో. ప్రింటు ఫైల్ ఆమె ఫోన్‌లోనూ ఉంది, పోతే ఏ ఊళ్లోనైనా చేయించుకోవచ్చు. వేడినీళ్లతో కడిగితే వంకరపోతుందని రెండుసార్లు చెప్పాను.

ఇంకోటి కొత్తగా మొదలుపెట్టాను. రాత్రి పెట్టుకునే రిటైనర్ ఒక తెల్లారి బిగుతుగా అనిపిస్తే, అది పన్ను కదులుతోందనడానికి గుర్తు. తీగ ఉన్నా సరే వెంటనే ఫోన్ చేయమన్నాను. నెలకోసారి కింది పెదవి లాగి, చిగురు కనబడేలా ఫోటో తీసి పంపుతుంది. తీగ ఊడిందో లేదో వాళ్లే చూసుకోగలరు. అది ఊడకుండానే చెడ్డపని చేస్తోందా అన్నది మాత్రం మేము చూడాలి. 2016 తర్వాత అతికించిన తీగల లిస్టు తీసి, రెండేళ్లుగా కనబడని వాళ్లకి మా రిసెప్షన్ అమ్మాయి ఫోన్లు చేస్తోంది. సగం నంబర్లు మారిపోయాయి.

"ఎన్నాళ్లండీ ఇది?" అని వాళ్లమ్మగారు మళ్లీ అడిగారు. పళ్లు ఉన్నన్నాళ్లూ అన్నాను. ఈసారి కాగితం మీద కూడా రాసి, తల్లి చేత కాదు, అమ్మాయి చేతే సంతకం పెట్టించాను.

ఆఖరి చెకప్ 2025 చివర్లో, క్లిప్పులు తీసిన ఏడాదికి. కింది తీగ మీద గార తప్ప ఇంకేం లేదు, స్కాన్‌లో కోరపళ్లు రెండూ ఉన్నచోటే ఉన్నాయి. పైన తిరిగిన పన్ను రెండు మూడు డిగ్రీలు వెనక్కి పోయినట్టుంది, వేరొకరు చూస్తే కనిపెట్టలేరు. ఎడమ కోరపన్ను దగ్గర చిగురు ఇంకా ఒకటిన్నర మిల్లీమీటరు కిందే ఉంది. గ్రాఫ్టు సంగతి ఇంకో ఆరు నెలలు చూసి తేలుద్దామని చిగుళ్ల డాక్టరు అన్నారు. అమ్మాయికైతే తొందరేమీ లేదు.